రేడియో గది బంద్ చేసిన మధ్యాహ్నం

నా భార్యకు రేడియో మీద మనసు పోయింది నలభై దాటాకే. ఆమె కౌడిపల్లి దగ్గర ఒక సర్కారు బడిలో సైన్సు టీచరు. ఒక ఎండాకాలం టీచర్లకు పెట్టిన శిక్షణలో ఎవరో హ్యామ్ రేడియో పెట్టి చూపించారట. ఫోను లేకుండా, ఇంటర్నెట్ లేకుండా, డాబా మీద కట్టిన ఒక తీగతో ఎక్కడెక్కడి మనుషులతోనో మాట్లాడొచ్చని తెలిసిన రోజు, ఆమె అన్నం కలుపుకొని తినడం మరిచిపోయి దాని గురించే చెప్పింది. తర్వాత పుస్తకాలు తెప్పించుకుని చదివింది. పరీక్ష రాసింది. లైసెన్సు చేతికొచ్చాక మా ఇంట్లో మెట్ల పక్కనున్న చిన్న అర్ర ఖాళీ చేయమంది.

ఆ అర్రలో నా సరుకు ఉండేది. నాకు మెదక్‌లో స్టీలు సామాన్ల దుకాణం. పండుగల ముందు తెచ్చిన గిన్నెలు, బిందెలు అందులోనే పెట్టేవాణ్ణి. కొంచెం గొణిగి వాటిని దుకాణం వెనక్కి మార్చాను. డాబా మీద రెండు ఇనుప పైపులు నిలబెట్టి, వాటి మధ్య తీగ కట్టించింది. కొత్తలో ఒకసారి నేను ఆ తీగ మీద తడి లుంగీ ఆరేస్తే, బడిలో పిల్లలను చూసినట్టు నన్ను చూసింది. మళ్లీ ఆ పని చేయలేదు.

ఆదివారాలు, సెలవు రోజుల్లో ఆమె అక్కడే కూర్చునేది. నేను వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తూనో, వరండాలో పేపరు చదువుతూనో ఆ గొంతులు వినేవాణ్ణి. గరగరలాడుతూ వచ్చేవి, మధ్యలో సన్నబడిపోయి మళ్లీ తేలేవి. అందరిలోకి నాకు బాగా తెలిసిన గొంతు జహీరాబాద్ పెద్దాయనది. మోటార్ల వైండింగ్ పని చేసి చేసి, చూపు తగ్గాక మానుకున్న మనిషి. నా భార్యను బేటీ అని పిలిచేవాడు. ప్రతిసారీ మాట ముగించే ముందు, “అల్లుడుగారు ఎట్లున్నరు?” అని అడిగేవాడు. నేను ఇటునుంచి చెయ్యి ఊపితే ఆమె, “మంచిగున్నరట” అని చెప్పేది. మైకు నా నోటి దగ్గరికి ఎప్పుడూ తేలేదు. లైసెన్సు లేనివాళ్లు మాట్లాడకూడదని ఆమె నియమం. అలా ఆయన నా గొంతు ఒక్కసారి కూడా వినకుండానే నన్ను అల్లుణ్ణి చేసుకున్నాడు.

ఆ ఆదివారం మే నెలలో వచ్చింది. పొద్దుటినుంచీ ఆమెకు కడుపులో నొప్పి. గ్యాస్ అనుకుని జిలకర నీళ్లు తాగి, మధ్యాహ్నం భోజనం వద్దని రేడియో ముందు కూర్చుంది. కాసేపటికి మాట సగంలో ఆగిపోయింది. నేను వెళ్లి చూసేసరికి మైకు బల్ల మీద పెట్టి, పొట్ట పట్టుకుని ముందుకు వంగి ఉంది. మొహమంతా చెమట. పక్కింటి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. స్కానింగ్ చేసి, అపెండిక్స్ వాచిందని, సాయంత్రానికే ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పింది.

ఆమె మంచం మీద పడుకుని కిటికీలోంచి మబ్బు పడుతున్న ఆకాశాన్ని చూస్తోంది. ఇంజెక్షన్ వల్ల నొప్పి కొద్దిగా తగ్గినట్టుంది. ఆపరేషన్ గురించి ఏమైనా అడుగుతుందేమోనని దగ్గరికి జరిగాను.

“మొగులైతుంది,” అంది. “గదిల అన్నీ ఆన్‌ల ఉన్నయి. జర ఇంటికి పోయి బంద్ చేసి రాండ్రి.”

నిన్ను ఇలా వదిలేసి పోనన్నాను. ఆపరేషన్‌కు ఇంకా టైముంది కదా అంది. సరే, పోయి మెయిన్ స్విచ్ గుంజేసి వస్తానన్నాను.

“గట్ల చెయ్యొద్దు. యాంప్లిఫయర్ల ట్యూబులు మస్తు వేడి మీదుంటయి. ఫ్యాను తిరిగి చల్లబడాలె. ఇంటికి పోయినంక నాకు ఫోన్ చెయ్యండ్రి, ఒక్కొక్కటి చెప్త.”

రేగోడ్ వైపు ఆకాశం నల్లబడుతోంది. ఎండాకాలపు గాలివాన వస్తే ముందుగా పోయేది కరెంటే. కరెంటు పోతే ఆ ఫ్యాను ఆగుతుంది. అన్నిటికంటే, పిడుగును లాక్కునేంత పొడుగు తీగ డాబా మీద ఉంది. అదే ఆమె భయం. అదే ఆటోలో ఇంటికి వచ్చాను.

తలుపు తీస్తుంటేనే గదిలోంచి గొంతులు వినపడ్డాయి. ఆమె మాట మధ్యలో ఆగిపోయినప్పటినుంచి వాళ్లు పిలుస్తూనే ఉన్నారు. ఒకరు కాసేపు పిలిచి ఆగితే ఇంకొకరు అందుకుంటున్నారు. జహీరాబాద్ పెద్దాయన మామూలుగా చాలా నిదానం మనిషి. ఇప్పుడు ఆయన గొంతులో తొందర. “బేటీ, ఇంటున్నవా? ఏమైందో చెప్పు బేటీ.” మైకు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఒక్క మాట చెబితే చాలు, అంతమంది గాబరా తగ్గుతుంది. అయినా దాన్ని ముట్టలేదు. నా ఫోను కలిపి, స్పీకరు దగ్గర పెట్టి, ఆమెకు ఆ పిలుపులు వినిపించాను.

అటునుంచి ముక్కు ఎగపీల్చిన చప్పుడు. ఆ రోజంతా నొప్పికి ఏడవని మనిషి అది విని ఏడ్చింది. వెంటనే సర్దుకుని పని చెప్పడం మొదలుపెట్టింది. మైకు జోలికి పోవద్దంది. యాంప్లిఫయర్ అనే పెద్ద డబ్బా మీద ఎడమవైపు స్విచ్ కిందికి నొక్కమంది. అది నొక్కాక యాంప్లిఫయర్ పని ఆపింది కానీ, లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. చెయ్యి దగ్గర పెడితే వేడి గాలి తగిలింది. ఆ గాలి చల్లబడేదాకా ఇంకేదీ ఆపొద్దని చెప్పింది. ఫ్యాను తిరిగినంతసేపు తను పెద్దాయనకు ఫోన్ చేసి సంగతి చెబుతానంది. నా ఫోను పెట్టేసే ముందు ఇంకో మాట అంది.

“ఉరుము ఇనపడ్డదంటే గా తీగ ముట్టకుండ్రి. అన్నీ ఇడిసిపెట్టి గదిలకెల్లి బయటికొచ్చెయ్యండ్రి. సామాను పోతే పోనీ. నా మాట ఇంటుండ్రు గద?”

వింటున్నానన్నాను.

కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు, అది ఆమెది. పక్కన నిలబడి ఫ్యాను చప్పుడు వింటున్నాను. కిటికీలోంచి దుమ్ము వాసన వచ్చింది. ఇంతలో రేడియోలో పిలుపులు ఆగి, పెద్దాయన గొంతు వచ్చింది. మెదక్ బేటీ ఇప్పుడే ఫోన్ చేసిందని, దవాఖానలో ఉందని, సాయంత్రం చిన్న ఆపరేషన్ అని, ఎవరూ పరేషాన్ కావొద్దని అందరికీ చెప్పాడు. ఆ తర్వాత నాతో అన్నాడు.

“అల్లుడుగారూ, మీరు గదిల ఉన్నరని బేటీ చెప్పింది. మీరు జవాబు చెప్పలేరు, నాకు తెల్సు. ఇంటే చాలు. బేటీకి ఏం కాదు. ఆమె కోసం ఇక్కడ మేమందరం దువా చేస్తున్నం. మీరు నిమ్మళంగ బంద్ చేసుకోండ్రి, మేము ఎవ్వరం మాట్లాడం.”

అన్నట్టే అందరూ మాటలు ఆపేశారు. స్పీకర్లో గాలి చప్పుడు మాత్రం మిగిలింది. ఇన్నేళ్లుగా ఆ మనుషులు ఆమెకు స్నేహితులని అనుకున్నాను. నాకూ ఏదో అవుతారని అప్పుడు తెలిసింది. ఖాళీ గదిలో రేడియోకు రెండు చేతులూ జోడించాను.

ఫ్యాను గాలి చల్లగా వచ్చాక ఆమెకు మళ్లీ ఫోన్ చేశాను. ఆమె చెప్పినట్టు యాంప్లిఫయర్‌కు కరెంటు పూర్తిగా ఆపాను. రేడియోను దాని మీదున్న గుండీతోనే ఆపించింది, ఆ తర్వాతే దానికి కరెంటిచ్చే పెట్టెను ఆపనిచ్చింది. చివరికి గోడ స్విచ్చులు ఆపి ప్లగ్గులు పీకేశాను. ఇక మిగిలింది డాబా మీదినుంచి దిగివచ్చే మందపాటి నల్ల కేబులు. దాని మర విప్పి, కిటికీ పక్కనున్న రాగిపట్టీకి బిగించాలి. ఆ పట్టీ బయట భూమిలోకి దిగి ఉంటుంది. కేబులు వైపు చెయ్యి చాపాను. మా ఊరి పెద్ద చర్చి అవతల ఎక్కడో ఉరిమింది.

పెద్ద ఉరుము కూడా కాదు. రెండు చుట్లు తిప్పితే ఊడొచ్చే మర. అయినా ఆమె గొంతు ఫోనులో ఉంది, “బయటికి రాండ్రి” అంటోంది. చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను. దవాఖానకు చేరేలోపే వాన పట్టుకుంది. కేబులు తీయలేదని ఆమెకు చెప్పలేక చెప్పాను. నా తడిసిన చొక్కా కొంగుతో తుడుస్తూ, “మంచిగ చేసిండ్రు” అంది. తర్వాత ఆమెను లోపలికి తీసుకుపోయారు.

ఆపరేషన్ సుఖంగా జరిగింది. రేడియోకు మాత్రం దెబ్బ తగిలింది. ఆ సాయంత్రం మా వీధి చివర కరెంటు స్తంభం దగ్గర పిడుగు పడిందట. ఆమె ఇంటికి వచ్చి, కుట్లు విప్పించుకున్నాక రేడియో పెడితే దీపాలు వెలిగాయి గానీ ఒక్క గొంతూ రాలేదు. ఇంకో విషయం అంతకుముందే, ఇంటికి వచ్చిన రోజే బయటపడింది. ప్లగ్గులు పీకే ఊపులో నేను వరండాలోని ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేశాను. దవాఖానలో ఉన్నన్నాళ్లూ దాని సంగతే గుర్తు రాలేదు. అందులోని పాలు, పెరుగు, ఆమె కష్టపడి రుబ్బిపెట్టిన దోశల పిండి ఏమై ఉంటాయో చెప్పనక్కర్లేదు. కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

రేడియో పోయినందుకు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ చప్పుడు లేని ఆ గదిలోకి రోజుకు ఒకసారి వెళ్లి ఊరికే కూర్చుని వచ్చేది. అది చూడలేక, ఆమెకు చెప్పకుండా నేనే జహీరాబాద్ పెద్దాయనకు ఫోన్ చేశాను. హలో, మెదక్ నుంచి అనగానే ఆయన గుర్తుపట్టాడు. “అల్లుడుగారా? గింత సన్నగుంటదా మీ గొంతు?” అన్నాడు. నేను బొంగురు గొంతు మనిషినని ఎందుకో అనుకున్నాడట.

ఆ శుక్రవారం నమాజు అయిన మర్నాడే పెద్దాయన, ఆయన భార్య పెద్దమ్మ బస్సులో వచ్చారు. ఆయన మందపాటి కళ్లద్దాలు పెట్టుకుని మా అన్నం తినే బల్ల మీద రేడియో విప్పాడు. నా భార్య టార్చి పట్టుకుంది. చూపు ఆనని చోట ఆమె చూసి చెబితే ఆయన వేలితో తడిమి పట్టుకున్నాడు. తీగ లోపలికి వచ్చే చోట ఒక చిన్న ముక్క మాడిపోయింది. వెంట తెచ్చిన సామాన్లలోంచి అలాంటిదే తీసి, ఇద్దరూ కలిసి అతికించారు. ఆ పనిలో వాళ్లకు నేను, పెద్దమ్మ ఉన్నామన్న ధ్యాస లేదు.

పెద్దమ్మ నాతో వంటింట్లోకి వచ్చింది. నేను బగారన్నం చేస్తుంటే పుదీనా తుంచి ఇస్తూ, వాళ్ల ఇంట్లో రోజూ రేడియో బంద్ చేసేది తనే అని చెప్పింది. “ఆయన మాటల పడితే కుర్చీలకెల్లి లేవడు. మొగులైనా లేవడు. మీరు జర నేర్సుకోండ్రి నాయనా, ఇగ మీ ఇంట్ల కూడ మీదే గీ పని.” కేబులు ఎలా పట్టుకుని మర విప్పాలో గరిటె పట్టుకుని చూపించింది. ఇద్దరం నవ్వుకుంటుంటే, మళ్లీ గదిలో పెట్టిన రేడియోలోంచి గరగరమని ఎవరిదో గొంతు వచ్చింది. నా భార్య పిలిచింది. ఎవరో ఆమె పేరు పెట్టి పలికారు. పొయ్యి తగ్గించి ఇద్దరం గడప దగ్గరికి వెళ్లి నిలబడ్డాం.

పొద్దుగూకే ముందు వాళ్లను జహీరాబాద్ బస్సు ఎక్కించి వచ్చాను. ఆమె ఇంకా రేడియో ముందే ఉంది. నన్ను చూసి మాట ముగించి, కుర్చీ వెనక్కి జరిపి నాకు చోటిచ్చింది. మైకు పక్కకు పెట్టి, “ఇగ రాండ్రి, బంద్ చేద్దాం” అంది.