కూర్మారావు వేళ్లు

ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో ఉండే కూర్మారావు నీళ్లలో మునిగి వంతెన స్తంభాలకు ఫొటోలు తీస్తాడు. పగుళ్లు చూడడానికి ఇంజినీర్లకు అవే ఆధారం. కెమెరాను ఆటో మోడ్‌లో మాత్రం పెట్టడు. బురద చూసి అది మోసపోతుందట. ఒడ్డునే షట్టర్ వేగం ఖాయం చేస్తాడు. ఫ్లాష్‌ను పొడవాటి కమ్మీ చివర పక్కకు తిప్పుతాడు, లేకపోతే స్తంభం బదులు బురదే వెలుగుతుంది. స్తంభానికి దగ్గరయ్యేకొద్దీ ఎపర్చర్, అంటే వెలుగు దూరే రంధ్రం, తగ్గించాలి. ఆ మసకలో స్క్రీన్ కనబడదు. కెమెరాకు తొడిగిన, నీరు చొరని పెట్టె మీద డయల్ ఎన్ని క్లిక్కులు తిరిగిందో వేళ్లకే తెలియాలి. పదిహేనేళ్లు తెలిసింది.

నిరుటి నుంచి వేళ్లకు స్పర్శ లేదు. చెబితే నీళ్లలోకి దిగనివ్వరని అతడు ఎవరికీ చెప్పలేదు. మొన్న ఫొటోలన్నీ తెల్లగా పాలిపోయి వచ్చాయి. నిన్న పూరీ గేట్ దగ్గర టీ తాగుతుంటే తోటి డైవర్ వినోద్ కనిపెట్టాడు. పొగలు కక్కే గ్లాసును కూర్మారావు గుప్పిట్లో పట్టుకునే ఉన్నాడు. అరచేయి ఎర్రగా కందింది.

"ఏటి మావా, సెయ్యి కాల్లేదేటి?"

"కాలినట్టుంది."

"నట్టుందేటి మావా! రేపు నాను దిగుతాను. నువ్వు ఒడ్డునుండు."

కూర్మారావు సంచిలోంచి కెమెరా తీసి, వినోద్ వేలిని డయల్ మీద పెట్టాడు. "కళ్లు మూసుకో. దగ్గరికెల్తే మూడు క్లిక్కులు తిప్పాల."

వినోద్ తిప్పాడు.

"తెల్సిందేటి?"

"తెల్సింది మావా."

కూర్మారావు ఆ వేలినే చూస్తూ, "ఎలాగుందిరా?" అని అడిగాడు.