హాలిఫాక్స్ టీముకు పెళ్ళిచూపులు

మా ఆయనకి ఒక జబ్బుంది. దానికి మందు లేదు, ఆఫీసు ఇన్సూరెన్సులో కవర్ కాదు. అమెరికాలో ఏ కాలేజీ ఫుట్‌బాల్ టీము ఏ కాన్ఫరెన్సు వదిలి ఎందులో చేరబోతోందో ఆయనకి తెలిసి తీరాలి. అలబామాలో మాస్టర్స్ చేసిన రోజుల్లో అంటుకుంది. ఆ దేశం వదిలి కెనడా వచ్చి, పీఆర్ తెచ్చుకుని, ఒంటారియో రాష్ట్రం కిచెనర్‌లో ఇల్లు కొనుక్కున్నా తగ్గలేదు. శనివారం పొద్దున ఉప్మా ముందు పెట్టుకుని ఫోన్ చూసి నిట్టూరుస్తారు. ఏమైందండీ అంటే, ఎక్కడో ఎడారి రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ పాత కాన్ఫరెన్సుకి విడాకులిచ్చిందట.

కాన్ఫరెన్సంటే ఏమిటో మొదట్లో నాకూ తెలియదు. సీజనంతా తమలో తాము ఆడుకోవడానికి ఒప్పుకున్న కాలేజీల గుంపు, అంతే. ఆ గుంపులోకి కొత్తవాళ్ళని తీసుకోవాలంటే మాత్రం పెద్ద తతంగం. వాళ్ళ గ్రౌండు ఎలా ఉంది, చూడ్డానికి జనం వస్తారా, ఊరు మరీ దూరమా, మనవాళ్ళతో సరితూగుతారా. ఇవన్నీ ఆయన చెబుతుంటే నాకు తెనాలిలో మా పెద్దమ్మ సంబంధాలు వెతకడం గుర్తొచ్చేది. ఆవిడా ఇవే ప్రశ్నలు వేసేది, గ్రౌండు ఒక్కటీ తప్ప. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అంటే ఇదేనండీ అని మొహమ్మీదే అనేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

నవ్వి ఊరుకోవడం ఆయన రెండో జబ్బు. టీ అడిగితే కాఫీ ఇచ్చారనుకోండి, కాఫీ తాగేస్తారు. హోటల్లో పక్క టేబుల్ వాళ్ళ ప్లేటు తెచ్చి ముందు పెట్టినా తిని లేస్తారు. ఆఫీసులో ఆయన నేర్పిన కుర్రాళ్ళు ఆయనకే లీడ్‌లయ్యారు. అడగచ్చు కదా అంటే, పని చేస్తే వాళ్ళకే తెలుస్తుందంటారు. అడగందే అమ్మయినా పెట్టదు అని నేను, మా అమ్మ అడక్కుండానే పెట్టేది అని ఆయన. మా ఇంట్లో ఈ రెండు మాటలూ ఎన్నేళ్ళుగా నడుస్తున్నాయంటే, మా అమ్మాయి తెలుగులో మొదట నేర్చుకున్న వాదన అదే అయ్యుంటుంది.

ఆ అమ్మాయి చదువుకని అట్లాంటిక్ ఒడ్డునున్న హాలిఫాక్స్ వెళ్ళింది. వెళ్ళిన ఏడాదే ఫోన్ చేసి ఫుట్‌బాల్ టీములో చేరానంది. టీవీలో చూశాను కదా, ఎద్దుల్లా గుద్దుకోవడం. ఒక్కగానొక్క ఆడపిల్ల, ముక్కూ మూతీ పగిలితే ఎలా అని నేను మొదలుపెట్టగానే ఆయన ఫోన్ లాక్కున్నారు. అది వేరే ఆటట. ఫ్లాగ్ ఫుట్‌బాల్. గుద్దుకోవడం ఉండదు. నడుముకి బెల్టు, ఆ బెల్టుకి రెండు రిబ్బన్లు. బంతి పట్టుకుని పరిగెత్తే పిల్ల రిబ్బను అవతలివాళ్ళు లాగేస్తే ఆట అక్కడికి ఆగిపోతుంది. మరి ముందే చెప్పచ్చు కదే అని తిట్టాను. యూ డిడంట్ ఆస్క్, అంది.

ఆట బాగానే అబ్బింది దానికి. మూడో ఏడు వచ్చేసరికి కెప్టెనయింది, బంతి విసిరేదీ అదే. వచ్చిన చిక్కల్లా ఆడటానికి ఎదురు టీము లేకపోవడమే. అట్లాంటిక్ వైపు ఆడపిల్లల ఫ్లాగ్ టీములు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఉన్నవీ ఈ ఏడుంటే పై ఏడుండవు. మా అమ్మాయి వాళ్ళు చాలా వారాలు తమలో తామే రెండుగా చీలి ఆడుకునేవారు. చివరికి యూనివర్సిటీ చెప్పేసింది, వచ్చే సీజనుకి ఏదో ఒక కాన్ఫరెన్సులో లేకపోతే గ్రౌండు టైము వేరే ఆటకిచ్చేస్తామని. గ్రౌండు లేకపోతే టీము లేదు. ఆ మాట చెప్పిన రోజు మా అమ్మాయి ఏడవలేదు గానీ, ఫోన్లో అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. దాన్నలా విని నాకు వంట మీద చెయ్యి సాగలేదు.

అప్పుడే ఒంటారియోలోని ఫ్లాగ్ కాన్ఫరెన్సు వాళ్ళు ఇంకో కాలేజీని చేర్చుకుందామనుకుంటున్నట్టు తెలిసింది. ఉన్నది ఒకే చోటు. ఒంటారియోలోనే ఏజాక్స్ దగ్గర ఒక కాలేజీ ఆ చోటు మీద కన్నేసింది. వాళ్ళకి అన్ని ఊళ్ళూ దగ్గరే, బస్సెక్కితే చాలు. మావాళ్ళు విమానమెక్కాలి. ఇక మా ఆయన్ని పట్టడం ఎవరితరం? ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ పెళ్ళికి పడ్డ హడావిడి ఇప్పుడు సొంత ఇంటి పెళ్ళికి పనికొచ్చింది. టీము కోచ్ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు, జీతం భత్యం లేకుండా సాయంత్రాలు పిల్లలకి ఆట నేర్పుతుంది. ఆమెతో ఈయన ఫోన్లో గంటలు గంటలు. కాన్ఫరెన్సులు ఏం చూస్తాయి, దేనికి జంకుతాయి, ప్రయాణాలు ఎలా కలిపి పెడితే తేలికవుతాయి, అంతా ఈయన నోటి మీదే ఉంది. ఒకరోజు ఆవిడే నాతో అంది, మీ ఆయనకి ఇవన్నీ ఎలా తెలుసని. జబ్బమ్మా, అన్నాను.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఏ ఊళ్ళో మ్యాచ్‌కి ఏ హోటల్లో దిగాలో కూడా ఆయన ఆలోచించి పెట్టేశారు. నేను నవ్వాను గానీ, నాకూ లోపల ఆశ మొదలైంది.

ఏప్రిల్లో కాన్ఫరెన్సు వాళ్ళు ఇద్దరు హాలిఫాక్స్ వచ్చి గ్రౌండు, టీము చూస్తామన్నారు. పిల్లల అమ్మానాన్నల్ని కూడా రమ్మంది కోచ్. వెనక ఎవరో ఉన్నారని తెలియాలి కదా. అందరి తరఫునా రెండు మాటలు మీరే చెప్పాలని మా ఆయన్ని అడిగింది. ఆ మాట వినగానే ఆయన కొత్త చొక్కా కొనుక్కున్నారు. నేను సకినాలు చేశాను. నాది తెనాలే గానీ, కరీంనగర్ అత్తగారి దగ్గర నేర్చుకున్న సకినాలు విమానంలో విరక్కుండా తీసుకెళ్ళడం నాకు బాగా వచ్చు. పులిహోర అక్కడికెళ్ళి మా అమ్మాయి గదిలో కలిపాను. అది ఉండేది హార్బరుకి అవతల డార్ట్‌మత్ వైపు. పొద్దున్నే గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఫెర్రీలో హార్బరు దాటాం. చలి ఎముకలు కొరుకుతోంది. ఎవరో పెద్దాయన వాసన బాగుందన్నాడు. అడక్కుండానే కాగితం కప్పులో పెట్టిచ్చాను.

ఆ రోజంతా అచ్చం పెళ్ళిచూపులే. పిల్లలు ఉతికిన జెర్సీలు వేసుకుని, జడలు బిగించుకుని తమలో తాము ఆడి చూపించారు. మా అమ్మాయి విసిరిన ఒక బంతి గ్రౌండు సగం దాటి సరిగ్గా ఇంకో పిల్ల చేతుల్లో వాలింది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. వచ్చినవాళ్ళిద్దరూ ఆటా చూశారు, పులిహోరా తిన్నారు. వాళ్ళలో పెద్దావిడ సకినాలు రెండోసారి కూడా తీసుకుంది. ఇంకేం, సంబంధం కుదిరినట్టే అనుకున్నాను.

తర్వాత పక్కనున్న గదిలో అందరం కూర్చున్నాం. ఆ పెద్దావిడ మర్యాదగానే అడిగింది. చేరితే ఈ శరత్కాలం నుంచే ప్రయాణాలు మొదలవుతాయి, అది మీకు కష్టం కావచ్చు, ఒక ఏడాది ఆగి చేరతారా, ఇప్పుడే కావాలా? అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన లేచి, చేతులు కట్టుకుని, మా మావగారు ఆడపడుచు పెళ్ళిచూపుల్లో నిలబడ్డట్టే నిలబడ్డారు.

“మాకు ప్రత్యేకంగా కోరికలేం లేవు మేడం. మీరు ఎప్పుడంటే అప్పుడే. మీ నిర్ణయమే మా నిర్ణయం” అన్నారు ఇంగ్లీషులో.

పక్కన కూర్చుని నేను కూడా తలూపాను. అంత మర్యాదగా మాట్లాడినందుకు మురిసిపోయాను కూడా. ఆవిడ సరేనంటూ చిన్నగా నవ్వి, ఇంకో కాలేజీని కూడా చూడాలి, చూశాక తెలియజేస్తామంది. అప్పుడు మాత్రం నాకు అనుమానం తగిలింది. ఇంటికెళ్ళి కబురు చేస్తాం అన్నవాళ్ళు కబురు చేయగా మా పెద్దమ్మ ఎన్నడూ చూడలేదు.

తిరుగు ఫెర్రీలో ఎంత బాగా జరిగిందో ఆయన చెబుతూనే ఉన్నారు. చివరికి మా అమ్మాయి నీళ్ళ వైపు చూస్తూ అంది, కోచ్ గ్రౌండు దగ్గర తలపట్టుకుని కూర్చుందని. వాళ్ళకి ఏం అర్థమయిందో తెలుసా, మనకి పెద్దగా అక్కర్లేదని అర్థమయింది. ఈ ఏడాది ఏజాక్స్ వాళ్ళని తీసుకుని, మనల్ని ఎప్పుడో చూడచ్చనుకుంటారు. అప్పటికి గ్రౌండు పోతుంది.

ఆయన ముఖం మాడిపోయింది. “గట్లెట్ల అనుకుంటరు? మర్యాదకి అన్న. ఎగబడి అడిగితే ఇజ్జత్ ఏముంటది?” అన్నారు. ఆయనకి బాధ కలిగితే భాష కరీంనగర్ వెళ్ళిపోతుంది.

మా అమ్మాయి ఇంట్లో ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. ఆ రోజు మాత్రం ఆయన వైపు తిరిగి తెలుగులో అంది. “కావాలంటే కావాలి అనాలి డాడీ. వాళ్ళేం నానమ్మ కాదు, అడక్కుండా పెట్టడానికి.”

ఇన్నేళ్ళూ నేను దెప్పిన మాటే అది. నా నోట్లో ఉన్నప్పుడు దెప్పుడుగానే ఉంది, దాని నోట్లోకి వెళ్ళాక అందులో కన్నీళ్ళున్నాయి. ఫెర్రీ దిగాక ఆయన, ఆ వచ్చినవాళ్ళిద్దరూ ఏ హోటల్లో ఉన్నారని మెల్లగా అడిగారు.

మర్నాడు పొద్దున కోచ్ వాళ్ళతో మాట్లాడి, బయల్దేరేముందు పది నిమిషాలు కలవడానికి ఒప్పించింది. హార్బరు పక్కనే హోటలు. కింద అందరూ టిఫిన్లు తింటున్నారు. మా ఆయన నిన్నటి కొత్త చొక్కానే వేసుకున్నారు, ఇస్త్రీ లేదు. మా అమ్మాయి ఆయన పక్కన నిలబడింది. కూర్చోమంటే ఆయన కూర్చోలేదు. ఇరవై ఏళ్ళుగా జీతం పెంచమని కూడా అడగని మనిషి.

“మేడం, నిన్న నేను చెప్పింది మా మాట కాదు. మా ఊళ్ళో మర్యాద అది” అన్నారు. “మాకు కావాలి. ఈ ఏడే కావాలి. ఆగితే ఈ టీము ఉండదు. దయచేసి మా పిల్లల్ని తీసుకోండి.”

అన్నది ఇంగ్లీషులోనే. నాకు ప్రతి మాటా తెలుగులో వినిపించింది. ఆ పెద్దావిడ చెంచా కింద పెట్టి, కూర్చోండి, ప్రయాణాల సంగతి ఏమాలోచించారో చెప్పండి అంది. అంతే. అలబామా నుంచి మోసుకొచ్చిన జబ్బంతా బయటికొచ్చింది. ఒకే వారాంతంలో రెండు మ్యాచ్‌లు ఎలా కలపచ్చో, ఒంటారియో టీములు ఎప్పుడు ఇటు రావచ్చో, పిల్లలు ఎవరింట్లో ఉండచ్చో చెబుతూనే ఉన్నారు. కిచెనర్‌లో మా ఇల్లుందన్నారు, నన్నడక్కుండానే. పది నిమిషాలు చాల్లేదు, వాళ్ళు టాక్సీని ఆగమన్నారు. ఆవిడ వెళ్తూ వెళ్తూ ఏ మాటా ఇవ్వలేదు. కాని ఈసారి చెయ్యి గట్టిగా కలిపింది. బయటికొచ్చాక మా అమ్మాయి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఫెర్రీ దాకా వదల్లేదు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు కూడా అలా పట్టుకునేది కాదు.

జూన్‌లో ఒక ఆదివారం మా అమ్మాయి నుంచి ఫోనొచ్చింది. నేను స్పీకర్ పెట్టాను. దాని వెనకాల ఆడపిల్లల కేకలు, ఏమీ వినపడటం లేదు. మళ్ళీ చెప్పవే అని అరిచాను.

“ఎస్ అన్నారు డాడీ. ఈ ఫాల్ నుంచే.”

వచ్చే ఏడాది ఏజాక్స్ వాళ్ళని కూడా చేర్చుకుంటారట. ఎవరి నోటి కూడూ లాక్కోలేదని నాకు ఇంకో సంతోషం. నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. ఆయన మాత్రం ఫోను వైపు వంగి, గొంతు సవరించుకున్నారు.

“బిడ్డా, మొదటి మ్యాచ్ వాటర్లూల పెట్టుమని అడగచ్చా?”

మా ఇంటికి వాటర్లూ పక్కనే, కారెక్కితే పదిహేను నిమిషాలు.

“అడుగు డాడీ,” అంది అది.

ఆయన అప్పటికే ఆవిడ నంబరు వెతుకుతున్నారు. అంతమంది పిల్లలకి పులిహోర కలపాలంటే వంటింట్లో ఉన్న గిన్నె చాలదని, పెద్దది వెతకడానికి నేను లేచి గరాజ్‌లోకి వెళ్ళాను.