పన్నెండో నంబరు విల్లా మీద రాక్షసి

బొటనవేలంత బొమ్మ ఒక మనిషికి ముచ్చెమటలు పట్టించగలదా అని మీరు అడగవచ్చు. నాకు పట్టించింది. మా బావ ఉద్యోగాన్ని దాదాపు మింగేసింది కూడా.

అప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టర్‌ని. ఆఫీసు స్నేహితులం నలుగురం వారానికోసారి కథల ఆట ఆడేవాళ్లం. ముగ్గురు వీరుల పాత్రలు తీసుకుంటారు, నేను కథ నడుపుతాను, ఎవరి దెబ్బ తగిలిందో పాచికలు తేలుస్తాయి. అంతా ఊహలోనే. చిక్కల్లా యుద్ధాల దగ్గరే. నా రాక్షసి నిప్పు కక్కిందంటే చాలు, ముగ్గురూ మొదటినుంచీ గోడ వెనకే ఉన్నామనేవారు. ఆ గోడ ముగ్గురికీ మూడు చోట్ల కనిపించేది.

విసిగిపోయి చిన్న చిన్న బొమ్మలు కొని, నెలరోజులు కూర్చుని రంగులు వేశాను. ఇక యుద్ధభూమి కావాలి. మా బావ, అంటే అక్క భర్త, కొత్తగూడలో విల్లాలు అమ్మే ఆఫీసులో పనిచేస్తాడు. అక్కడ హాలు మధ్యలో నలభై ఆరు విల్లాలతో, రోడ్లతో, అంగుళమంత చెట్లతో ఒక నమూనా ఉంది. కొనేవాళ్లు దాన్ని చూసి మురిసిపోయేవారు. నాకు మాత్రం ఎప్పుడు తగలబెడదామా అనిపించేది.

వారం రోజులు ప్రాణం తీస్తే, ఒక సాయంత్రం ఆఫీసు మూసే వేళకు బావ తాళం చేతిలో పెట్టాడు. "ఒక్క చెట్టు వంగినా నా ఉద్యోగం పోతాది సుధా" అన్నాడు.

చెట్టు వంగలేదు. రెండు గంటలు భీకరంగా కొట్టుకుని, మంటల కోసం పరిచిన దూది ఏరేసి, అద్దాల మూత బోర్లించి బుద్ధిగా వెళ్లిపోయాం.

మర్నాడు పొద్దున మీటింగులో కూర్చుని బొమ్మల డబ్బా తెరిచాను. వీరులు ముగ్గురూ ఉన్నారు. రాక్షసి లేదు. యుద్ధంలో దాన్ని విల్లా పైకప్పు ఎక్కించింది నేనే. సరిగ్గా అప్పుడే మేనేజరు నా పని ఎంతవరకు వచ్చిందని అడిగాడు. పైకప్పు మీద ఉండిపోయిందన్నాను.

బావ ఫోను ఎత్తలేదు. ఆటో ఎక్కాను. మొదటి సిగ్నల్ దగ్గర బావ ఉద్యోగం పోయింది. రెండో సిగ్నల్ దగ్గర అక్క నాతో మాటలు మానేసింది. కొత్తగూడ ఫ్లైఓవర్ దిగేసరికి వాళ్ల సంసారం మొత్తం నా గదిలోకి వచ్చి పడింది.

హాల్లో చందానగర్ నుంచి వచ్చిన పెద్ద వయసు జంట నమూనా మీదికి వంగి ఉంది. పన్నెండో విల్లా పైకప్పు మీద కొమ్ములతో, తెరిచిన నోటితో నా రాక్షసి.

"గీ ఇంటి మీద గిదేంది బిడ్డా?" అని పెద్దావిడ బావను అడిగింది.

బావ నోరు తెరిచాడు. రాక్షసీ ఆయనా అన్నాచెల్లెళ్లలా ఉన్నారు. భయంలో నా నోరే జారింది.

"దిష్టిబొమ్మ అమ్మా."

ఆమె కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. మంచిగ చేసిన్రు అంది. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆమె భర్త వైపు తిరిగి, "మరి మనం చూసుకున్న ఇంటికి లేదేంది? గిది లేకుంటె నాకొద్దు" అంది.

బావకు అప్పుడు మాట వచ్చింది. "అన్నిట్లకూ వస్తాయమ్మా. చేసే మనిషి ఈమే" అంటూ నా వైపు చూపించాడు.

ఇక మీదట ఎవరి విల్లాల మీదా యుద్ధం చేయనని, తప్పనిసరైతే కళ్లు మూసుకుని మనసులోనే చేసుకుంటానని కుంచె పట్టుకుని ప్రమాణం చేశాను. అప్పటికి ఇరవై మూడో రాక్షసికి కోరలు దిద్దుతున్నాను.