మరియమ్మ రిబ్బన్లు

అరవైల మొదట్లో జగ్గయ్యపేట హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివేదాన్ని. బయట చేరితే మూడు రోజులు బడి మానేసి వసారాలో విడిగా కూర్చోవాల్సిందే. ఆ నెల పరీక్షలు వచ్చిపడడంతో, పాత చీర గుడ్డ మడిచి పెట్టుకుని వెళ్లమంది అమ్మ.

పరీక్ష రాసి మెట్లు దిగుతుంటే, మగపిల్లలు చూస్తుండగానే ఆ గుడ్డ జారి కిందపడింది. అట్ట మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. వెనకే వస్తున్న మా క్లాసు మరియమ్మ చటుక్కున వంగి, దాన్ని చేత్తో తీసి తన ఓణీ కొంగులో చుట్టేసింది. నన్ను బడి వెనక్కి లాక్కెళ్లింది.

"ఏడవమాకే. నడుముకి తాడు కట్టుకుని, గుడ్డ కొసలు ముందొకటి, వెనకొకటి దోపుకో. పరిగెత్తినా జారదు. మా అక్కకి ఆస్పత్రి నర్సమ్మ చెప్పింది" అంటూ తన జడల రిబ్బన్లు రెండూ విప్పి, ముడేసి ఇచ్చింది.

మర్నాడు మొదటిసారి హాయిగా కూర్చుని పరీక్ష రాశాను.

వారం తర్వాత పుస్తకం ఇవ్వడానికి మరియమ్మ మా ఇంటికొచ్చింది. ఆమె జడలకు గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. మంచినీళ్లు అడిగితే అమ్మ గడప దాటకుండా, "దోసిలి పట్టవే" అని చెంబెత్తి పైనుంచి పోసింది. నా గుడ్డ తీసిన చేతులవి. "గ్లాసివ్వమ్మా" అనకుండా, చేతిలోని పుస్తకం తిరగేస్తూ నిలబడ్డాను. మరియమ్మ తాగి, మూతి తుడుచుకుని, నా వైపు చూడకుండా "వస్తానే" అని వెళ్లిపోయింది.

మెట్ల మీద గుడ్డ పడిన సంగతి మనవరాళ్లకు నవ్వుతూనే చెబుతుంటాను. ఆ దోసిలి సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.