ఇస్త్రీపెట్టె కింద నా బియస్సీ

విదేశాలకు వెళ్ళి పాఠాలు చెప్పాలనుకునే మాస్టర్లు ఈమధ్య సలహా కోసం నా దగ్గరికి వస్తున్నారు. నా విదేశీయానం చూస్తే గుడివాడలో మొదలై విజయవాడలో ముగిసింది. రెండుసార్లు బయల్దేరాను, రెండుసార్లూ సాయంత్రం బస్సుకే ఇంటికొచ్చేశాను. అయినా వాళ్ళు నన్నే అడగడంలో న్యాయం ఉంది. వెళ్ళినవాడు ఎలా వెళ్ళాలో మాత్రమే చెప్పగలడు. చేతికొచ్చిన ఉద్యోగాన్ని సొంత చేతులతో ఎలా నాశనం చేసుకోవచ్చో చెప్పాలంటే నాలాంటి నిపుణుడే కావాలి.

నేను గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. కొన్నేళ్ళ క్రితం మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలోని స్కూలు వాళ్ళు వీడియోకాల్లో ఇంటర్వ్యూ చేసి నాకు ఉద్యోగం ఇచ్చారు. ఇల్లు వాళ్ళే ఇస్తారు, మా పాప చదువు కూడా వాళ్ళ స్కూల్లోనే. ఆ మెయిలు చదివి మా ఆవిడ రమ, పాప చేతులు పట్టుకుని హాల్లో గిరగిరా తిరిగింది. రమకి అంత సంతోషం రావడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నెల రోజుల్లో చేరాలి. షరతు ఒక్కటే. ఒరిజినల్ డిగ్రీల వెనకవైపు మన ప్రభుత్వం ముద్ర వేయించుకుని తీసుకురావాలి. మెయిల్లో ఈ వాక్యం స్పష్టంగా ఉంది. నేను 'ఒరిజినల్' అన్న మాట దాకా చదివి, అక్కడే ఆగి, మిగతాది సొంత తెలివితో పూరించుకున్నాను.

మాది ఉప్పెన చూసిన దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లెటూరు. మా వైపు వాళ్ళకి కాగితాన్ని చూడగానే ముందు నీళ్ళు గుర్తొస్తాయి. మా నాన్న పొలం కాగితాల్ని మూడు పాలిథిన్ సంచుల్లో చుట్టి అటక మీద పెట్టేవాడు. ఆ రక్తం ఊరుకుంటుందా? నాలుగు వైపులా సముద్రం ఉన్న దీవికి డిగ్రీలు వట్టి చేతుల్తో పట్టుకెళ్తానా? మొత్తం ఫైలు చంకన పెట్టుకుని స్కూలు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు సుబ్బారావు దగ్గరికి వెళ్ళాను.

"లామినేషన్ చెయ్యవయ్యా."

"అన్నీనా మాస్టారూ? ఇయ్యి ఒరిజినల్సండీ. ఒకసారి ఎవర్నన్నా కనుక్కుంటే..."

"సుబ్బారావ్, నేను ఫిజిక్స్ మాస్టర్ని."

ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. నా జీవితంలో జరిగిన ప్రతి ఘోరానికీ ముందు నేను ఈ వాక్యం అన్నాను.

పదో తరగతి మెమో నుంచి బీఈడీ దాకా అన్నీ మెషీన్లోంచి అప్పడాల్లా వేడివేడిగా బయటికొచ్చాయి. తళతళలాడిపోతున్నాయి. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. మర్నాడు స్కూల్లో రాజీనామా ఇచ్చాను. వాళ్ళు వీడ్కోలు సభ పెట్టి శాలువా కప్పారు. నేను పిల్లలకి అరగంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. అంశం: విలువైన వాటిని జాగ్రత్త చేసుకోవడం ఎలా.

ఆ వారమే మెయిల్లో మిగతా వాక్యం కూడా చదివి, విజయవాడలో ముద్రలు వేసే ఆఫీసుకి వెళ్ళాను. సూపరింటెండెంటుగారు రిటైర్మెంటుకి దగ్గరపడిన పెద్దమనిషి. నా బియస్సీని ఇటు తిప్పారు, అటు తిప్పారు, గోటితో టకటకా కొట్టి చూశారు.

"ఏంటండీ ఇది?"

"బియస్సీ అండి. ఫస్ట్ క్లాసు."

"క్లాసు సంగతి అడగట్లేదండీ. ఈ ప్లాస్టికేంటి?"

"తడవకుండానండి."

"మరి ముద్ర ఎక్కడ వెయ్యమంటారు? దీని మీద కొడితే వేలితో తుడిస్తే పోద్ది. లామినేషన్ చేసినయ్యి మేం తీసుకోమండీ. యూనివర్సిటీకెళ్ళి డూప్లికేటు తెచ్చుకోండి."

"ఎన్నాళ్ళు పడుతుందండి?"

"తొందరగా అయితే నాలుగైదు నెల్లు."

నాకు మిగిలింది మూడు వారాలు. బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని రెండు గుడివాడ బస్సుల్ని వదిలేశాను. ఉన్న ఉద్యోగం వదిలేశాను, కొత్త ఉద్యోగం ప్లాస్టిక్‌లో ఇరుక్కుంది. ఇంటికెళ్తే పాప ఎదురొచ్చి, ఆ దీవిలో సైకిలు తొక్కుకోవచ్చా అని అడుగుతుంది. నిజంగానే ఏడుపొచ్చింది.

ఇంట్లో రమ అంతా విని, ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏవండీ, ఆ స్కూలు వాళ్ళకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెబుదాం. ఇంకో నాలుగు నెల్లు ఆగుతారేమో."

"ఏమని చెప్పమంటావ్? మీరు తీసుకున్న సైన్సు మాస్టారు తన డిగ్రీని తనే అతికించేసుకున్నాడనా?"

"పరువు పోతే పోయింది, ఉద్యోగం ఉంటది కదా!"

పాఠకులారా, ఈ కథలో తెలివైన మాట ఇదొక్కటే. కాబట్టి సహజంగానే నేను దాన్ని పట్టించుకోలేదు.

"రమా, దీన్ని అతికించింది వేడి. విడదీసేది కూడా వేడే. ఇస్త్రీపెట్టె తీసుకురా."

"వద్దండీ బాబూ! ముందు ఏ పాత కాగితం మీదన్నా చేసి చూడండి."

"నేను ఫిజిక్స్ మాస్టర్ని."

రమ నా ఒళ్ళో ఉన్న ఫైల్లోంచి బీఈడీ డిగ్రీని లాక్కుని, వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఈ రోజుకీ నేను బీఈడీ చదివానని రుజువుందంటే ఆ తలుపు పుణ్యమే.

బియస్సీ మీద తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె నెమ్మదిగా పోనిచ్చాను. మొదట వెనకవైపు. ఒక మూల పట్టుకుని లాగితే ప్లాస్టిక్ అరటితొక్కలా ఊడొచ్చింది. కాగితం చెక్కు చెదరలేదు.

"చూశావా!" అని కేక పెట్టాను.

"ఇంక ఆపెయ్యండి! ముద్ర వేసేది వెనకే కదా!" అని వంటింట్లోంచి రమ.

అక్కడ ఆపితే నేను ఈపాటికి మాల్దీవుల్లో ఉండేవాణ్ణేమో. కానీ విజయం తలకెక్కినవాడికి ఒక వైపు చాలదు. కాగితం తిప్పి, ముందువైపు కూడా వేడి పెట్టి, ఒక్క లాగు లాగాను.

ప్లాస్టిక్ వచ్చింది. దాంతోపాటు నా పేరూ వచ్చింది. యూనివర్సిటీ పేరు, బొమ్మ, కింద సంతకం, అన్నీ కాగితం మీద భద్రంగా ఉన్నాయి. అవి ఎప్పుడో ప్రెస్సులో అచ్చేసినవి. తర్వాత ప్రింటర్లో పెట్టి కొట్టిన నా పేరు మాత్రం జిగురుకి అంటుకుని ప్లాస్టిక్ మీదకి వెళ్ళిపోయింది. డిగ్రీ ఒక చేతిలో, నేను ఇంకో చేతిలో.

వంటింటి తలుపు తెరుచుకుంది. రమ చూసింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసేసి, వెళ్ళి పాప పక్కన కూర్చుంది.

అయినా ఆశ చావలేదు. మర్నాడు కాగితాన్నీ ప్లాస్టిక్‌నీ రెండింటినీ కవర్లో పెట్టుకుని మళ్ళీ విజయవాడ వెళ్ళాను. సూపరింటెండెంటుగారి బల్ల మీద డిగ్రీ పరిచి, దాని మీద ప్లాస్టిక్‌ని జాగ్రత్తగా సర్ది, నా పేరు దాని ఖాళీలో కూర్చునేలా రెండు వేళ్ళతో నొక్కి పట్టుకున్నాను.

"ఇప్పుడు వెనక వైపు ఖాళీగా ఉందండి. ముద్ర వేసెయ్యండి."

ఆయన నా వేళ్ళు మెల్లగా పక్కకి తీశారు. ప్లాస్టిక్ ఫ్యాను గాలికి ఎగిరి కిందపడింది. ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకెత్తి, పేరు లేని ఆ ఖాళీని చాలాసేపు చూశారు. చూసి, ఎంతో జాలిగా అన్నారు:

"మాస్టారూ, ఈ డిగ్రీ ఇప్పుడు ఎవరికైనా పనికొచ్చుద్దండీ. ఒక్క మీకు తప్ప."

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అంతమందిలో ఏడవడం బాగుండదని. ఐదు నెలలకి డూప్లికేటు వచ్చేసరికి ఆ దీవిలో నా పాఠాలు ఇంకెవరో చెబుతున్నారు. శాలువా కప్పి పంపిన స్కూల్లోనే మళ్ళీ చేరాను.

కాబట్టి విదేశాలకు వెళ్ళే సాటి ఉపాధ్యాయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా డిగ్రీలు వేటినీ నా చేత్తో తాకను, తుడవను, కాపాడను. ఆ డూప్లికేటుని రమ ఇంట్లో ఎక్కడో దాచింది. ఎక్కడో నాకు చెప్పలేదు. నేను అడగను కూడా.