మా ఈగలు తాగిన నీళ్ళు

మంత్రాలయం పోయే దారిలో ఉన్న నేతగాళ్ళ ఊరు మాది. ముందు కిరాణా అంగడి, వెనక ఇల్లు, పైన మిద్దె. ఆ మిద్దె మీద రెండు తేనెపెట్టెలు పెట్టుకున్నాను. ఎందుకయ్యా అంటే పెద్ద కారణమేమీ లేదు. అంగట్లో కూర్చుని కూర్చుని విసుగొచ్చింది, నలుగురూ మెచ్చుకునే పని ఒకటి చేయాలనిపించింది. తేనెటీగల పెంపకం నేర్పినవాళ్ళు మొదట్లోనే చెప్పారు: పెట్టెల కంటే ముందు నీళ్ళతొట్టి పెట్టుకో, ఈగ ఒక చోట నీళ్ళు మరిగిందంటే ఇక ఆ చోటు వదలదు అని. విన్నాను, తలూపాను. పెట్టెలు తెచ్చుకున్న సంబరంలో తొట్టి సంగతి రేపు, ఎల్లుండి అనుకుంటూ ఎండాకాలం దాకా లాగాను.

మా పక్కిల్లు మగ్గం ఇల్లు. భార్యాభర్తలిద్దరే, నాకంటే పెద్దవాళ్ళు. ఆమెను అక్కా అంటాను, ఆయనను అన్నా అంటాను. పొద్దున్నే వీధిలో పడుగు నూలు బారుగా సాగదీసి, గంజి పట్టించి, ఆరేలోపు కుంచెతో దువ్వుతారు. చేయి ఆగిందా, పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పడుగు పాడైపోతుంది. కాలవ ఎండిపోయి, కుళాయి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియని ఆ రోజుల్లో మా ఈగలకు దగ్గర్లో దొరికిన తడి ఆ పడుగు ఒక్కటే. నూలు మీద వరసగా వాలి పీల్చుకునేవి. కుంచె కింద నలిగిన ఈగ కుట్టకుండా ఉంటుందా?

ఒక పొద్దున అక్క వచ్చి అంగడి మెట్టు దగ్గర నిలబడింది.

"ఏమప్పా, మీ ఈగలు పడుగు మింద వాల్తాండాయి. మీ అన్న చెయ్యి శానా వాచిపోయుండాది. రొంత చూడప్పా."

అంగట్లో బేరాలకొచ్చిన వాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఆ మాట పడేసరికి నాకు ఒళ్ళు మండింది.

"మావే అని యాడ రాసుండాదక్కా? ఊర్లో ఇంగ తేనెపట్లే లేవా?" అన్నాను.

ఆమె వాదించలేదు. "ఉంటాయేమోలేప్పా" అని వెళ్ళిపోయింది. చుట్టుపక్కల ఒక్క తేనెపట్టూ లేదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

ఆ సాయంత్రమే మిద్దె మీద సిమెంటు తొట్టి ఒకటి పెట్టి, గులకరాళ్ళు వేసి, నీళ్ళు పోశాను. కొద్దిరోజులకు చూస్తే పడుగు మీద ఈగ వాలడం లేదు. అక్క మళ్ళీ అడగడానికీ రాలేదు. ఇంకేం, నా తొట్టి గొప్పతనమే అనుకున్నాను. అంగడికొచ్చిన వాళ్ళకు ఉప్పు, పప్పుతో పాటు ఉపన్యాసం కూడా కట్టి ఇచ్చేవాణ్ణి. "ఈగల తప్పేముండాదప్పా? ఇంటికాడ నీళ్ళు పెడితే పక్కింటికి ఎందుకు పోతాయి?" అనేవాణ్ణి. మొదటిసారి తేనె తీసినప్పుడు అక్కకు ఒక చిన్న సీసా ఇచ్చాను, పెద్ద ఉపకారం చేసినట్టు మొహం పెట్టి. ఆమె రెండు చేతులా అందుకుంది.

అసలు సంగతి ఏమిటంటే, అప్పటికే తొట్టిలో నీళ్ళు పోయడం మానేశాను. మెట్లెక్కి మోయాలంటే బద్ధకం. సంపులో నీళ్ళు తగ్గుతుంటే ఈగలకు పోయడానికి మనసు కూడా రాలేదు. ఎవరూ ఏమీ అనడం లేదు కదా, ఎక్కడో తాగుతున్నాయిలే అనుకున్నాను. ఎక్కడ అని ఒక్కసారీ ఆలోచించలేదు.

పత్తికొండ వైపు టమోటా పెట్టే రైతు ఒకాయన నా మాటలు విని, తన తోటలో కూడా పెట్టెలు పెట్టుకుందామని వచ్చాడు. "ఆ తొట్టి ఎట్ల పెట్టినావో చూపించప్పా" అన్నాడు. నా గొప్పలో నేనుండి, తొట్టి ఎండి ఉందన్న ధ్యాస కూడా లేకుండా ఆయన్ను మిద్దె ఎక్కించాను.

తొట్టిలో దుమ్ము, గులకరాళ్ళు. ఈగలు పెట్టెలోంచి వచ్చి పిట్టగోడ దాటి పక్కింటి పెరట్లోకి దిగుతున్నాయి. ఇద్దరం తొంగి చూశాం. బట్టలుతికే బండ పక్కన పగిలిన కుండ అడుగు, దాంట్లో తడిపిన గోనెపట్టా. దాని నిండా మా ఈగలే. అక్క డ్రమ్ములోంచి చెంబుతో ముంచి పోస్తోంది. వాళ్ళకు సంపు లేదు. ఆ డ్రమ్ములోని ప్రతి బిందె ఆమె వీధి కుళాయి దగ్గర నిలబడి, నడుం మీద మోసుకొచ్చిందే.

ఆమె తలెత్తి మమ్మల్ని చూసి నవ్వింది. "ఈ పొద్దు రొంత ఆలస్యమైందప్పా. చెవి కాడికొచ్చి అడుగుతాండాయి."

"ఎప్పట్నించి పోస్తాండావక్కా?" అన్నాను.

"నీకు చెప్పిన మర్నాట్నించే. ఈడ తాగితే పడుగు మిందికి పోవు గదా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రైతు నవ్వినా బాగుండేది. బస్సుకు టైమైందని మాత్రం చెప్పి మెట్లు దిగిపోయాడు. ఆమెకిచ్చిన తేనె సీసా గుర్తొచ్చింది. ఆమె నీళ్ళతో బతికిన ఈగల తేనెను ఆమెకే దానం చేశాను.

మర్నాడు తొట్టి కడిగి నింపాను, గోనెపట్టా పరిచాను. ఒక్క ఈగా అటు చూడలేదు. నాకు ముందే చెప్పిన మాటే నిజమైంది, అవి ఆ పెరడు మరిగాయి.

ఇక మిగిలిన దారి ఒక్కటే. సంపులోంచి బిందె ముంచి భుజాన పెట్టుకుని వీధిలోకి దిగాను. అన్న పడుగు దువ్వుతున్నాడు. అవతలి కొసన పక్క వీధి వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. అందరూ నన్నే చూశారు.

"ఏమప్పా, బిందె ఎత్తుకోని వచ్చినావే?" అన్నాడు అన్న.

"ఆ ఈగలు మావేనన్నా" అన్నాను, అందరికీ వినపడేట్టు.

ఆయన కుంచె ఆపలేదు.

"తెలుసులేప్పా. పోయి పోసిరాపో, ఎదురు సూస్తాంటాయి."