చెప్పులు విప్పించిన సిద్దప్ప సార్

పొద్దున మా బడి గేటు ముందు నుంచి ఎవరో సైకిలు మీద పల్లానికి జారిపోయారు. తొక్కడం ఆపినప్పుడు వెనక చక్రంలోంచి టిక్ టిక్‌మని ఒక చప్పుడు వస్తుందే, అది వినబడింది. పిల్లల చేత కసరత్తు చేయిస్తున్నదాన్ని, లెక్క తప్పాను. కుప్పంలో గ్రానైటు లారీల రొద మధ్య అంత చిన్న చప్పుడు నా చెవినే ఎందుకు పడాలి? పడుతుంది, ఏం చేయను. దాన్ని వినడం నేర్పింది సిద్దప్ప సార్. ఆయన పోయి ఏళ్లవుతోంది. మంచి మనిషని లోకమంతా అంటుంది. నేనూ ఆ మాట అనాలనే చూస్తాను, నోరు రాదు.

ఆయన మదనపల్లెలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత బెంగళూరు నుంచి సైకిలు సరదా ఉన్నవాళ్లను పిలిపించి, మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా పల్లె దారుల్లో కుప్పం దాకా తొక్కించి, అక్కడ రైలెక్కించి పంపేవారు. డిగ్రీ అయ్యి ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను పిలిచి, గుంపులో అందరికన్నా వెనక వచ్చే సైకిలు నాకిచ్చారు. ఎవరూ వెనకబడిపోకుండా చూసుకోవడం నా పని. ఆడపిల్ల సైకిలేసుకుని ఊళ్లు తిరగడమేమిటని మా పెదనాన్న ఎగిరి పడితే, సార్ మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ, "తిరిగేదానికి కాదప్పా, చూసేదానికి. మీ రేణుక పుట్టిన తాలూకాను మీ రేణుకే చూడకుంటే ఇంకెవురు చూస్తారు?" అన్నారు. పెదనాన్న ఇంకో కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు. ఆ ఒక్క మాటకు నేను ఆయన మనిషినైపోయాను.

దారులు వెతకడంలో ఆయనకొక పిచ్చి ఉండేది. టమాటా లారీలు తిరిగే రోడ్డు ఆయనకు పడదు. పటం చూసేవారు కాదు, కుక్కను చూసేవారు. "కుక్క రోడ్డు నడిమధ్యన పండుకొని ఉండాదంటే అది మన రోడ్డు. అంచున పండుకొని ఉంటే లారీలు వస్తాయని అర్థం, యెనక్కి తిరుగు" అనేవారు. నవ్వుకునేదాన్ని గానీ ఒక్కసారి కూడా ఆ లెక్క తప్పలేదు. మల్బరీ తోటల పక్క నుంచి, మామిడి తోపుల నడుమ నుంచి, మంచు పూర్తిగా విడవకముందే మేము పోతుంటే, ముందు ఆయన చెయ్యెత్తేవారు. అందరం తొక్కడం ఆపాలి. అంత గుంపూ ఒక్కసారిగా జారుతూ ఉంటే టిక్ టిక్ తప్ప ఇంకేమీ వినబడదు. "వినండప్పా, ఇదే మన బండి ఇంజను" అనేవారు. ఆ క్షణాన ఆయనంటే నాకు ప్రాణం. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇక అసలు సంగతి. మా వైపు చలికాలంలో పల్లె రోడ్డే కళ్లం. రాగులు కోసి, ఉలవలు పీకి తెచ్చి తారు మీద పరుస్తారు. ట్రాక్టరో బస్సో వాటి మీదుగా పోతే గింజ రాలుతుంది, ఆడవాళ్లు ఊడ్చి ఎత్తుకుంటారు. కొత్తగా వచ్చిన బెంగళూరు వాళ్లు విసుక్కునేవారు. సార్ సైకిలు దిగి, అందర్నీ దించి, "బూట్లు ఇప్పండి" అనేవారు. ఎందుకని ఒకాయన అడిగితే, "కళ్లంలోకి చెప్పులేసుకొని పోతారా ఎవురన్నా? అన్నం అది. ఈ రోడ్డు మనది అని మీకు ఎవురు చెప్పినారు? ఈ నెల రోజులు ఇది వాళ్లది" అన్నారు. బూట్లు మెడలో వేసుకుని, సైకిలు భుజాన పెట్టుకుని, రోడ్డు అంచున వట్టి కాళ్లతో నడిచేవాళ్లం. తొక్కితే ఏమవుతుందని నేనడిగితే నవ్వారు. "మన బరువుకు గింజ ఒకటి గూడా రాలదు, తీగ మాత్రం చక్రానికి చుట్టుకుంటాది."

పుంగనూరు దాటాక ఒక పల్లెలో గంగులమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు లేడు, కాస్త మెట్ట చేను, రెండు ఆవులు. ఏటా ఆ మలుపులోనే ఉలవలు పరిచేది. ఇంటికి గుగ్గిళ్లూ చారూ, ఆవులకు పొట్టూ అన్నీ వాటిలోంచే రావాలి. మేము దిగి నడిస్తే చీపురు పక్కన పెట్టి చెంబుతో నీళ్లిచ్చేది. "ఈ సారు ఒకడే మా విలవ తెలిసినోడు" అని నాతో ఎన్నిసార్లు అందో. సార్ వినీ విననట్టు మొహం పెట్టేవారు, చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఒక చలికాలం ఏదో కంపెనీ వాళ్లు పెద్ద గుంపుగా వచ్చారు. నచ్చితే ఏటా వస్తామన్నారు. సార్‌కు ఆ వారమంతా కాలు నేల మీద నిలవలేదు. తీరా బయల్దేరాక వాళ్లు టిఫిన్ల దగ్గరా ఫోటోల దగ్గరా ఆలస్యం చేశారు. రైలు తప్పుతుందేమోనని సార్‌కు కంగారు. గంగులమ్మ మలుపు రాగానే నేను అలవాటు ప్రకారం దిగాను. ముందు నుంచి ఆయన గొంతు వినబడింది. "దిగొద్దండి, టైము లేదు. ఓరగా మెల్లగా పోనీండి." నా చెవులను నేనే నమ్మలేదు. ఆయన పోయారు, ఆయన వెనకే అందరూ ఉలవల మీదుగా పోయారు. ఒకతని చక్రానికి తీగ చుట్టుకుంది. పడ్డాడు, భుజం ఎముక విరిగింది.

ఆ గోల చెప్పలేను. రోడ్డు మీద ఇదంతా పోసిందెవరు, కేసు పెడతాం, ఇంకెప్పుడూ రాము అని కంపెనీ వాళ్లు అరుస్తున్నారు. గంగులమ్మ పాపం తన కొంగు చించి అతని చెయ్యి కడుతోంది. సార్ ఆమె ముందుకొచ్చి నిలబడి, "రోడ్డు మీద ఎయ్యొద్దని ఎన్ని తూర్లు చెప్పినాను నీకు?" అన్నారు.

ఆమె తలెత్తి చూసింది. "నువ్వే గదప్పా, ఇది మా కళ్లం అని అందరి చేతా చెప్పులు ఇప్పిచ్చేది?"

సార్ పక్కకు చూశారు. తర్వాత పోలీసులు వచ్చి అడిగినప్పుడు కూడా ఆయన అదే చెప్పారు, ఆమెకు ముందు నుంచీ చెబుతూనే ఉన్నానని. నేనుండబట్టలేక, దిగొద్దన్నది సారేనని చెప్పాను. వచ్చిన పోలీసాయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఆయన మనిషివా, ఆమె మనిషివా?" అని అడిగాడు. అంబులెన్సుకు దారి కావాలని ఉలవలన్నీ పక్క కాలవలోకి తోశారు. ముందురోజు వాన పడి కాలవ నిండా బురద. గంగులమ్మ అందులోకి దిగి దోసిళ్లతో ఎత్తుతుంటే నేనూ దిగాను. గింజ ఏదో మన్ను ఏదో తెలియలేదు. ఆ ఏడు ఆమె ఒక ఆవును అమ్మేసింది. కేసని ఆమెను పుంగనూరుకు తిప్పుతూనే ఉన్నారు.

తిరుగు దారిలో సార్ నాతో పాటుగా తొక్కుతూ, "తొందరపడి నోరు జారినావు రేణుకా" అన్నారు.

"నేర్పింది మీరే కద సార్."

"నేర్పేది వేరే, బతికేది వేరే. ఈ దోవలు నిలబడాలంటే వాళ్లు రావల్ల. ఒక సంవత్సరం ఉలవలు పోతే ఆమె బతకలేదా?"

మదనపల్లె చేరగానే ఆయన సైకిలు ఆయన వాకిట్లో పెట్టి వచ్చేశాను. కోపం ఎప్పుడైనా చల్లారుతుందేమో అనుకున్నాను, చల్లారలేదు. ఆయన మామూలు స్వార్థపరుడైతే ఎప్పుడో మరచిపోయేదాన్ని. ఆయనకు అన్నీ తెలుసు. నాకు తెలిసిందంతా ఆయన చెప్పిందే. అదీ నా కడుపుమంట. ఆయన పోయినప్పుడు మదనపల్లెలో సంతాపసభ పెడితే వెళ్లాను. వేదిక మీద ఇంత పెద్ద ఫోటో, సైకిలు భుజాన, వట్టి కాళ్లు, పక్కన ఎండుతున్న రాగులు. రైతు అంటే ఆయనకు దైవమని బెంగళూరు నుంచి వచ్చినాయన చెప్పాడు. సభ సగంలో లేచి వచ్చేశాను. బస్టాండు దాకా ఏడుస్తూనే నడిచాను, ఆయన కోసమో ఆయన మీదనో నాకే తెలియదు.

ఇప్పటికీ నేను సైకిలు తొక్కుతాను. పంట కనబడితే దిగుతాను, అది నా చేతిలో లేదు. పోయిన చలికాలం, ఎన్నాళ్లకో, ఆ మలుపు వైపు వెళ్లాను. దూరం నుంచి నన్ను చూడగానే ఒక పిల్ల కేక పెట్టింది. "అవ్వా, సైకిలొస్తాండాది, ఎత్తండి!" ఆడవాళ్లంతా చీపుర్లు పట్టుకుని ఉలవలు గబగబా రోడ్డు పక్కకు ఊడ్చేశారు. ఆ పక్కనుంచే ట్రాక్టరు ఒకటి పోయింది, దాన్ని చూసి ఎవరూ భయపడలేదు. నేను దిగి చెప్పులు చేత పట్టుకుని, "నేను తొక్కనమ్మా, నడిచే పోతాను, పరుచుకోండి" అన్నాను. గంగులమ్మ నన్ను గుర్తుపట్టిందో లేదో. నడుము వంగిపోయింది, చీపురు మాత్రం ఆపలేదు.

"దోవ తీసినాము గదమ్మా" అంది తలెత్తకుండానే, "ఇంక పో."